ఇంట్లో చెక్క స్టెబిలైజ్ చెయ్యడం ఎలా: ముందు తూకం, తర్వాత వ్యాక్యూమ్, ఆఖర్న ప్రెషర్

చాకులకి పిడి వేసేవాళ్ళు, లేత్ మీద పెన్నులు తిప్పేవాళ్ళు చెక్కలోకి రెజిన్ పట్టించి గట్టిచేసే ఈ స్టెబిలైజింగ్ గురించి తిప్పితిప్పి అడిగేది ఒకటే, "అన్నా, పంప్ ఏది తీసుకోవాలి, ప్రెషర్ పాట్ కూడా కావాలా, ఎంతసేపు ఉంచాలి?" ఒక్కొక్కళ్ళకి విడివిడిగా చెప్పే బదులు మొత్తం ఒకేచోట రాసేస్తున్నా. పంప్ సంగతి కింద వస్తది గానీ ముందు నేనొకటి అడుగుతా, ఇంట్లో గ్రాము దాకా చూపించే తూకం మెషీన్ ఉందా? లేకపోతే పంప్ కన్నా ముందు అది కొనండి. ముక్క ఫెయిలైందని తెచ్చి చూపించేవాళ్ళ పంపులు చాలావరకు బానే ఉంటాయి, చెక్కే తడిగా ఉంటది. నీళ్ళు కూర్చున్న చోటికి రెజిన్ పోదు, ఎంత పెద్ద పంప్ పెట్టినా పోదు.

థియరీ రెండు ముక్కల్లో చెప్తా. చెక్క లోపల సన్నటి ఖాళీలు ఉంటాయి, వాటిల్లో గాలి ఉంటది. ఆ గాలిని పంపుతో లాగేసి (దీన్నే వ్యాక్యూమ్ అంటాం), నీళ్ళలా పల్చగా ఉండే రెజిన్‌ని ఆ ఖాళీల్లోకి పోనిచ్చి, తర్వాత వేడిచేస్తే లోపలే గట్టిపడతది. మెత్తగా, పుచ్చిపోయి పనికిరాదనుకున్న చెక్క పిడికి పనికొచ్చేంత గట్టిగా అయితది. అంతే.

ఏ చెక్క పనికొస్తది

మామిడి మంచిగ తాగుతది, అందులోనూ కొంచెం పుచ్చి నల్ల గీతలు వచ్చిన మామిడి అయితే చూడ్డానికి కూడా బాగుంటది. ఎండాకాలం గాలివానలకి కాలనీల్లో పడిపోయే గుల్‌మొహర్, నిద్రగన్నేరు కొమ్మలు కూడా పర్లేదు, మున్సిపాలిటీ వాళ్ళు నరికి పక్కన పడేసిన దుంగలుంటే అడిగి తెచ్చుకోండి. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి చెక్క అయితే దూదిలా తేలిక, లీటర్లకి లీటర్లు రెజిన్ తాగేస్తది, జేబుకి మంచిది కాదు. మొదటిసారి చేసేవాళ్ళకి నేను చెప్పేది మొక్కజొన్న కంకి, గింజలు తీసేసిన బెండు. పైసా ఖర్చులేదు, పాడైనా బాధలేదు, పెన్ను తిప్పితే డిజైన్ అదిరిపోతది.

టేకు, రోజ్‌వుడ్ వద్దు. వాటిల్లో సహజంగానే నూనె ఉంటది, రెజిన్ సరిగ్గా దిగదు, కొన్నిసార్లు గట్టిపడటం కూడా సరిగ్గా ఉండదు. పైగా వాటికి స్టెబిలైజింగ్ అవసరమే లేదు. చింత చేవ, నల్లమద్ది లాంటి బరువు చెక్కల్లో ఖాళీలే తక్కువ కాబట్టి ఎంత చేసినా కొంచెమే తాగుతాయి, అది మీ తప్పు కాదు.

ఏమేం కావాలి

రెజిన్: వేడికి గట్టిపడే మెథాక్రిలేట్ స్టెబిలైజింగ్ రెజిన్. అందరికీ తెలిసిన పేరు కాక్టస్ జ్యూస్, అదే రకంవి వేరే కూడా ఆన్‌లైన్లో దొరుకుతాయి. దాన్ని గట్టిపడేలా చేసే యాక్టివేటర్ పొడి విడిగా ఇస్తారు. "టేబుల్ చేసే ఎపాక్సీతో చెయ్యొచ్చా?" అని వారానికొకరు అడుగుతారు. చెయ్యలేరు. ఎపాక్సీ చిక్కగా ఉంటది, లోపలికి దిగేలోపే గట్టిపడతది, పైన గాజు పొరలాగ అయ్యి లోపల చెక్క చెక్కలాగే ఉంటది. ఫెవికాల్‌లో నీళ్ళు కలిపి, వార్నిష్‌లో థిన్నర్ కలిపి ట్రై చెయ్యడం కూడా టైం వేస్ట్.

ఇంకో హెచ్చరిక. పళ్ళ సెట్లు చేసేవాళ్ళు వాడే అక్రిలిక్ లిక్విడ్ చవగ్గా వస్తదని కొందరు దానిమీద పడుతున్నారు. అది మిథైల్ మెథాక్రిలేట్. దాని ఆవిరి 10 డిగ్రీల దగ్గర్నుంచే అంటుకోగలదు, వ్యాక్యూమ్‌లో పెడితే లిక్విడే మరిగి పంపులోకి పోతది, దాన్ని తీసుకెళ్ళి ఎర్రగా కాలే కాయిల్ ఉన్న ఓవెన్‌లో పెట్టడమంటే ఇల్లు తగలబెట్టుకోడమే. ఇంట్లో దాని జోలికి పోవద్దు.

పంప్: ఏసీ మెకానిక్‌లు గ్యాస్ నింపేముందు వాడే రోటరీ వేన్ వ్యాక్యూమ్ పంప్ చాలు, పావు హార్స్‌పవర్ సింగిల్ స్టేజ్ అయినా సరిపోతది, టూ స్టేజ్ అయితే ఇంకా మంచిది. ఫ్రిజ్ కంప్రెసర్ పీకి పంప్ చేసే జుగాడ్ గాలి లాగుతది గానీ గంటల తరబడి నడవదు.

చాంబర్, అంటే లోపల గాలి లాగే గట్టి డబ్బా: రెడీమేడ్ కొనడం నయం. చేయించుకుంటాం అంటే హైదరాబాద్ బాలానగర్‌లో వెల్డింగ్ షాపులో 8 అంగుళాల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) పైపు ముక్కకి అడుగున 6 మి.మీ. ప్లేట్ చుట్టూ లీక్ లేకుండా వెల్డ్ చేయించి, పైఅంచుని లేత్ మీద చదును చేయించండి. మూతకి కనీసం 20 మి.మీ. మందం అక్రిలిక్, సైన్‌బోర్డులు చేసే షాపుల్లో కట్ చేసిస్తారు. ఎందుకంత మందం అంటారా, 25 సెం.మీ. వెడల్పు మూత మీద పూర్తి వ్యాక్యూమ్‌లో గాలి తోసే బరువు దాదాపు 475 కిలోలు. వంటింటి పల్చటి స్టీల్ గిన్నె ఐతే లోపలికి నలిగిపోతది, పీవీసీ పైపు ఐతే పగిలి ముక్కలు ఎగురుతాయి. మూత లోపల్నుంచి బిగించే రకం కుక్కర్ కూడా పనికిరాదు, వ్యాక్యూమ్‌కి దాని మూత లోపలికి జారిపోతది.

గేజ్, బాల్ వాల్వులు రెండు (ఒకటి పంప్ వైపు, రెండోది బయటిగాలి లోపలికి వదలడానికి), ఒకవైపే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్ ఒకటి, వ్యాక్యూమ్ హోస్, చాంబర్‌కీ పంప్‌కీ మధ్య నురగ పట్టే చిన్న ట్రాప్. ఇవన్నీ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో ఒక్క చుట్టు తిరిగితే దొరుకుతాయి. థ్రెడ్ సైజులు రాసుకుని వెళ్ళండి, లేకపోతే మళ్ళీ ఎక్కే బస్సు దిగే బస్సు.

ఇంకా: ఒక ఓటీజీ (చిన్న కరెంట్ ఓవెన్), దీంట్లో మళ్ళీ తినేవి వండొద్దు, సెకండ్ హ్యాండ్‌ది చూసుకోండి. ఓవెన్ థర్మామీటర్, ఓటీజీ నాబ్ మీదున్న నంబర్లని నమ్మొద్దు. అల్యూమినియం ఫాయిల్, జిప్‌లాక్ కవర్లు, నైట్రైల్ గ్లోవ్స్, చాంబర్‌లో పట్టే ప్లాస్టిక్ డబ్బా, చెక్క తేలకుండా పైన పెట్టడానికి స్టెయిన్‌లెస్ స్టీల్ బరువు ఏదైనా. గ్లోవ్స్ మాత్రం మర్చిపోవద్దు, మెథాక్రిలేట్ చర్మానికి తగుల్తూ ఉంటే ఎలర్జీ మొదలవుతది, ఒకసారి మొదలైతే మళ్ళీ పోదు.

స్టెప్ 1: లీక్ చెక్

చెక్క, రెజిన్ ఏమీ పెట్టకముందు ఖాళీ చాంబర్ మూతపెట్టి పంప్ ఆన్ చెయ్యండి. ముల్లు ఆగినాక పంప్ వైపు వాల్వ్ మూసి పంప్ ఆపి అరగంట చూడండి. ముల్లు కదలకూడదు. కదిలితే మూత కింది గాస్కెట్ (రబ్బరు రింగ్) మీద దుమ్ము, థ్రెడ్లకి టేప్ సరిగ్గా చుట్టకపోవడం, ఈ రెండిట్లో ఒకటి అయ్యుంటది. ఈ చెక్ చెయ్యకుండా మొదలుపెడితే తర్వాత బుడగలు చెక్కలోంచి వస్తున్నయా, లీక్ నుంచి వస్తున్నయా తెలీక జుట్టు పీక్కుంటారు.

ఇక్కడే ఎక్కువమంది భయపడేది: "గేజ్ 28 దాటట్లేదన్నా, వీడియోల్లో 29 పైన చూపిస్తున్నారు, పంప్ పోయిందా?" పోలేదు. మన హైదరాబాద్ సముద్రం నుంచి దాదాపు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ గాలి ఒత్తిడే 28 అంగుళాల పాదరసం, మిల్లీమీటర్లలో 712. లేనిదాన్ని పంప్ ఎక్కడ్నించి లాగుద్ది. మీ గేజ్ 27.5 నుంచి 28 మధ్య నిలబడితే సంబరపడండి. విశాఖలో ఉన్న మీ ఫ్రెండ్‌కి 29 పైన చూపిస్తే అతని పంప్ మీదానికన్నా గొప్పదని కాదు.

గేజ్ మీదే అనుమానం ఉంటే చిన్న పరీక్ష ఉంది. ఒక స్పూన్ నీళ్ళు గ్లాస్‌లో పోసి చాంబర్‌లో పెట్టి పంప్ వెయ్యండి. నీళ్ళు 30 డిగ్రీలు ఉన్నప్పుడు పొయ్యి లేకుండానే తెర్లడం మొదలైతే వ్యాక్యూమ్ మన ఊరి లెక్కలో 26.8 దాటినట్టు. మరగడం కనపడగానే ఆపెయ్యండి, ఆ ఆవిరి పంప్ ఆయిల్‌లోకి పోతది.

స్టెప్ 2: చెక్కని సైజుకి కోసుకోండి

ఫైనల్ సైజు కన్నా 3, 4 మి.మీ. ఎక్కువ ఉంచండి, అంతకన్నా వద్దు. దుంగలు దుంగలుగా పెడితే మధ్యకి రెజిన్ పోడానికి రోజులు పడతది, ఎలాగూ చెక్కేసే భాగానికి రెజిన్ తాగించి పారెయ్యడం దండగ. బెరడు తీసెయ్యండి. బోయిగూడ, ముషీరాబాద్ టింబర్ డిపోల్లో తుక్కు ముక్కలు తెచ్చుకుంటే మేకులున్నయా చూసుకోండి. ప్రతి ముక్కమీద పెన్సిల్‌తో నంబర్ రాయండి, పెన్ను ఇంకు రెజిన్‌లో కరిగిపోతది.

స్టెప్ 3: ఎండబెట్టడం, ఇదే అసలు పని

"ఎండాకాలం మొత్తం డాబా మీద ఎండింది, ఇంకేం తడి?" అంటారు. మే నెలలో హైదరాబాద్ ఎండలో ఎన్నాళ్ళు ఉంచినా చెక్కలో 6 శాతం దాకా తడి మిగులుతది, వానాకాలంలో అయితే షెడ్‌లో పెట్టిన చెక్క కూడా 12 నుంచి 14 శాతానికి పోతది. మనకి కావాల్సింది సున్నా.

ఓటీజీలో థర్మామీటర్ 105 డిగ్రీలు చూపించేలా సెట్ చేసి ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పెట్టండి. కాయిల్ వేడి నేరుగా కొట్టి చెక్క మాడకుండా కింద ర్యాక్‌లో షాబాద్ రాయి ముక్కో, టైలో పెడితే వేడి కూడా ఒకేలా ఉంటది. చెక్క పచ్చిగా ఉంటే నేరుగా ఓవెన్‌లో పెట్టొద్దు, పగిలిపోతది, ముందు నీడలో నెలల తరబడి ఆరనివ్వాలి.

ఎన్ని గంటలు అని అడగొద్దు. తూకమే చెప్తది. పెట్టేముందు తూచండి, 12 గంటల తర్వాత తూచండి, తర్వాత ప్రతి 3, 4 గంటలకి తూచండి. వరసగా రెండుసార్లు బరువు మారకపోతే అయిపోయినట్టు. మామూలుగా 24 గంటలు పడతది, లావు ముక్కలకి ఇంకా ఎక్కువ.

లెక్క కోసం ఒక మామిడి ముక్క అనుకుందాం, 4 బై 4 బై 13 సెం.మీ., ఘనపరిమాణం 208 సి.సి. ఓవెన్‌లో పెట్టేముందు 118 గ్రాములు, బరువు ఆగినాక 104. అంటే 14 గ్రాముల నీళ్ళు, 13.5 శాతం. పైకి చూస్తే ఎండిపోయినట్టే ఉండే ముక్కలో మూడు స్పూన్ల నీళ్ళు. ఈ 104 రాసిపెట్టుకోండి, మళ్ళీ కావాలి.

స్టెప్ 4: కవర్‌లో చల్లార్చడం

వేడి మీదున్నప్పుడే జిప్‌లాక్‌లో వేసి మూసెయ్యండి. బయట పెడితే, అందులోనూ జూలై ఆగస్టుల్లో, చల్లారేలోపే గాలిలోంచి తడి లాక్కోడం మొదలుపెడతది. అలాగని వేడిగా ఉన్న ముక్కని రెజిన్‌లో వెయ్యకూడదు, రెజిన్ అక్కడికక్కడే గట్టిపడటం మొదలవుతది, ఒక ముక్క కోసం డబ్బా రెజిన్ పోతది. చేత్తో పట్టుకుంటే మామూలుగా అనిపించేదాకా ఆగండి, లావు ముక్క లోపల వేడి ఇంకా ఉంటది కాబట్టి ఇంకో రెండు గంటలు కలుపుకోండి.

స్టెప్ 5: రెజిన్ కలపడం

యాక్టివేటర్‌ని సీసా మీద రాసిన కొలత ప్రకారం తూచి వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి, కాసేపాగి మళ్ళీ కలపండి. పొడి అడుగున మిగిలితే సగం ముక్కలు గట్టిపడవు. కావల్సినంత మాత్రమే కలుపుకోండి. యాక్టివేటర్ కలిపిన రెజిన్‌ని మన ఎండల్లో డాబా మీద, కార్ డిక్కీలో పెడితే తనంతట తానే వేడెక్కి గట్టిపడగలదు. ఎండాకాలం ఫ్రిజ్‌లో పెట్టండి, తినేవాటికి దూరంగా, పెద్ద అక్షరాలతో పేరు రాసి. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తియ్యొద్దు, లేదంటే లోపల చెమట పట్టి నీళ్ళు కలుస్తాయి, రెజిన్ పాలలా తెల్లగా అయితది.

రంగు కావాలంటే స్టెబిలైజింగ్ కోసం అమ్మే డై వాడండి. హోలీ రంగులు, పెయింట్ స్టెయినర్, మైకా పొడి ఇవన్నీ రేణువులు, చెక్క పైనే వడకట్టేసి ఆపేస్తది.

స్టెప్ 6: వ్యాక్యూమ్

చాంబర్ లోపల నేరుగా రెజిన్ పొయ్యకుండా ప్లాస్టిక్ డబ్బాలో ముక్కలు పెట్టి, మీద బరువు పెట్టి, ముక్కల పైన కనీసం 5 సెం.మీ. రెజిన్ ఉండేలా పొయ్యండి. డబ్బా పైన మూడో వంతు ఖాళీ ఉండాలి, నురగ వస్తది.

పంప్ ఆన్ చేసి రెండో వాల్వ్ (గాలి వదిలేది) కొంచెం తెరిచి నిదానంగా లాగండి. నురగ పొంగి అంచుదాకా వస్తే ఆ వాల్వ్ నుంచి కాస్త గాలి వదలండి, దిగిపోతది, మళ్ళీ మూయండి. పొయ్యి మీద పాలు కాసినట్టే, మొదటి పావుగంట దగ్గరే ఉండాలి. తర్వాత వాల్వ్ పూర్తిగా మూసి పంప్‌ని నడవనివ్వండి.

పంప్ వైపు వాల్వ్ మూసి పంప్ ఆపేసి "వ్యాక్యూమ్ పట్టుకునే ఉందిగా" అనుకోకండి. చెక్కలోంచి వచ్చే గాలి చాంబర్‌లోనే నిండుతది, ముల్లు మెల్లగా దిగుతది, పని అక్కడే ఆగిపోతది. పంప్ నడుస్తూనే ఉండాలి. ఎన్ని గంటలంటే బుడగలు దాదాపు ఆగేదాకా: పెన్ను ముక్కలకి కొన్ని గంటలు, లావు పిడి ముక్కలకి ఒక రాత్రి, ఒక్కోసారి రోజు మొత్తం. ముక్క అంచున నిమిషానికొకటి వచ్చే సూదిమొనంత బుడగ ఉంటే పర్లేదు, గొలుసులాగ వరసగా వస్తుంటే ఇంకా ఉంది.

పంప్ వేడెక్కుతది, పక్కన టేబుల్ ఫ్యాన్ పెట్టండి. ఆయిల్ పొగ వస్తది కాబట్టి బాల్కనీలో నయం, చప్పుడు మాత్రం రాత్రి పక్క ఫ్లాట్ వాళ్ళకి వినపడుతది, ముందే ఒక మాట చెప్పి ఉంచండి. ఆయిల్ తెల్లగా మబ్బుగా అయితే మార్చెయ్యండి, వ్యాక్యూమ్ పంప్ ఆయిలే పొయ్యాలి, బండి ఇంజిన్ ఆయిల్ కాదు.

కరెంట్ పోతే? చాంబర్ లోపలి వ్యాక్యూమ్ పంప్ ఆయిల్‌ని వెనక్కి లాగేస్తది, రెజిన్‌లో ఆయిల్ పడితే ఇక అది పారబోసుడే. నాన్ రిటర్న్ వాల్వ్ ఎందుకు రాశానో ఇప్పుడర్థమై ఉంటది. మీరే ఆపేటప్పుడు కూడా ముందు వాల్వ్ మూసి తర్వాతే స్విచ్ ఆపండి.

స్టెప్ 7: గాలి వదలడం, నానబెట్టడం

బుడగలు ఆగినాక గాలి వదిలే వాల్వ్ మెల్లగా తెరవండి. రెజిన్ మట్టం కళ్ళముందే దిగుతది, అంటే చెక్కలోకి పోతున్నట్టు. ముక్క పైభాగం రెజిన్ బయటికి తేలిందా, వెంటనే ఇంకా పొయ్యండి. ఒక్క మూల బయటున్నా అక్కడ్నించి గాలే లోపలికి పోతది, ఇన్ని గంటల పని పోయినట్టే.

జనం తొందరపడేది ఇక్కడే. వ్యాక్యూమ్‌లో చెక్కలోంచి గాలి బయటికొస్తది, రెజిన్ లోపలికి పోయేది ఎక్కువగా గాలి వదిలాకే. ఎన్ని గంటలు వ్యాక్యూమ్ నడిపారో దానికి రెట్టింపు సేపు కనీసం నానాలి. టైముంటే ఇంకోరోజు ఉంచండి, నష్టం లేదు. పంప్‌కి పెట్టే డబ్బులు కొంచెం తగ్గించుకున్నా పర్లేదు గానీ ఇక్కడ టైం తగ్గించొద్దు.

స్టెప్ 8: ప్రెషర్, ఉంటేనే

ప్రెషర్ లేకపోయినా పని అయితది, నిజం చెప్పాలంటే చాలామందికి అవసరం లేదు. గట్టి చెక్కలు, లావు ముక్కలు చేస్తుంటే, నానబెట్టే టైం తగ్గించుకోవాలంటే పనికొస్తది. వరస మాత్రం మారొద్దు, ముందు వ్యాక్యూమ్, తర్వాత ప్రెషర్. గాలి తియ్యకుండా ప్రెషర్ పెడితే లోపలున్న గాలి నలిగి కూర్చుంటది, ప్రెషర్ వదలగానే రెజిన్‌ని బయటికి నెట్టేస్తది.

వ్యాక్యూమ్ చాంబర్‌కి కంప్రెసర్ తగిలించొద్దు, ఎప్పుడూ, ఒక్కసారి కూడా. వ్యాక్యూమ్‌లో మూత మీద పడే బరువుకి ఒక హద్దు ఉంది, ఎంత లాగినా గాలి ఒత్తిడిని మించదు. కంప్రెసర్‌కి ఆ హద్దు లేదు. అదే 25 సెం.మీ. మూతని 40 పీఎస్ఐ (చదరపు అంగుళానికి 40 పౌండ్లు) ఒత్తిడి పైకి తోసే బలం 1380 కిలోల దాకా ఉంటది, అక్రిలిక్ మూత బాంబే. ఇంట్లో కుక్కర్ కూడా వద్దు, అది 15 పీఎస్ఐ ఆవిరికి చేసింది.

పెయింటర్లు స్ప్రే గన్‌కి వాడే ప్రెషర్ పాట్, దానిమీద ఎంత ప్రెషర్ తట్టుకుంటదో ముద్ర ఉన్నది, సేఫ్టీ వాల్వ్ పనిచేసేది తీసుకోండి. దానికి కొత్త బెజ్జాలు వెయ్యడం, వెల్డింగ్ చేయించడం చెయ్యొద్దు. రెజిన్ డబ్బాని ముక్కలతో సహా అట్లాగే అందులో దించి, మూత బోల్టులు ఎదురెదురుగా సమానంగా బిగించి, మెల్లగా 40 పీఎస్ఐ దాకా ఎక్కించి ఒక రాత్రి ఉంచండి. పాట్ 60 తట్టుకుంటది అని 60 దాకా తీసుకెళ్ళాల్సిన పనిలేదు. తీసేటప్పుడు గేజ్ సున్నాకి వచ్చిందని చూసి, రిలీఫ్ వాల్వ్ తెరిచి శబ్దం ఆగాకే బోల్టులు ముట్టుకోండి.

స్టెప్ 9: వేడికి గట్టిపరచడం

ముక్కలు తీసి జాలీ మీద కాసేపు కారనివ్వండి, ఒక్కోదాన్నీ విడిగా ఫాయిల్‌లో చుట్టండి, రెండు కలిపి చుడితే అతుక్కుపోతాయి. ఓటీజీలో అడుగున ఫాయిల్ ట్రే పెట్టండి, కారుతది.

థర్మామీటర్ 95 డిగ్రీల దగ్గర ఉండాలి. ముక్క మధ్యభాగం 88 డిగ్రీలు చేరి కాసేపు నిలబడితేనే రెజిన్ పూర్తిగా గట్టిపడతది, బయట 95 ఉన్నా లోపలికి వేడి చేరడానికి టైం కావాలి. పెన్ను ముక్కకి 2 గంటలు, 4, 5 సెం.మీ. లావుంటే 4 గంటల దాకా ఇవ్వండి, ఎక్కువైతే ఏమీ కాదు. తొందరని 150 పెట్టొద్దు, పైన ఉడికి లోపలి రెజిన్ ఆవిరై బయటికొస్తది, చెక్క కూడా పగులుతది. వాసన ఘాటుగా ఉంటది కాబట్టి బాల్కనీలోనో డాబా మీదో చెయ్యండి, వదిలేసి బజారుకి పోవద్దు.

వచ్చిందో లేదో ఎలా చూడాలి

మళ్ళీ తూకమే. పైన అంటుకున్న రెజిన్ పొర గీకేసి తూచండి. మన మామిడి ముక్క 104 నుంచి 200 అయ్యిందనుకోండి, 96 గ్రాములు తాగింది, అంటే 92 శాతం. ఇది మంచిదా కాదా? అది ఆ చెక్కలో ఎంత ఖాళీ ఉందనే దాన్ని బట్టి ఉంటది. చెక్కలో ఖాళీలు తీసేస్తే మిగిలే అసలు పదార్థం ఏ జాతికైనా సి.సి.కి దాదాపు 1.5 గ్రాములే. రెజిన్‌ని సి.సి.కి 1 గ్రాము అనుకుంటే, ఎండిన చెక్క సి.సి.కి 0.3 గ్రాములుంటే గరిష్ఠంగా 267 శాతం తాగగలదు, 0.5 అయితే 133, 0.6 అయితే 100, 0.8 అయితే 58. మన ముక్క 104 బై 208, అంటే 0.5. గరిష్ఠం 133, మనకి వచ్చింది 92, ఖాళీల్లో దాదాపు 70 శాతం నిండింది. పిడికైనా పెన్నుకైనా నా లెక్కలో ఇది పాస్. సగం కూడా నిండకపోతే ఎండబెట్టడం దగ్గరో నానబెట్టడం దగ్గరో తేడా కొట్టింది. అందుకే వీడియోల్లో ఎవరికో 120 శాతం వచ్చిందని మీ చింత చెక్కకి 40 వస్తే ఏడవొద్దు, ముందు మీ చెక్క సాంద్రత లెక్కేసుకోండి.

నీళ్ళలో మునిగితే పాస్ అంటారు కొందరు, నేను దాన్ని నమ్మను. బరువు చెక్క కొంచెం తాగినా మునుగుతది, తేలిక చెక్క మంచిగ తాగినా తేలొచ్చు.

బ్యాచ్‌లో ఒక ముక్కని మధ్యకి కోసి చూడండి. రంగు వేసుంటే మధ్యదాకా వచ్చిందో లేదో కనపడతది. కోసిన ముఖం మీద గోరుతో గీకండి, గుడ్డతో అసిటోన్ తుడవండి, జిగురుగా అనిపిస్తే లోపల గట్టిపడలేదు, మళ్ళీ ఫాయిల్ చుట్టి 95 దగ్గర ఇంకో 2, 3 గంటలు. ఈ అసిటోన్ చాంబర్ అక్రిలిక్ మూతకి మాత్రం తగలనివ్వకండి, స్పిరిట్ కూడా, సన్నగా వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి. మూతకి సబ్బు నీళ్ళే.

మధ్యలో పొడిగా తెల్లటి గీత, చుట్టూ రంగు: తడి మిగిలింది లేదా నానడం చాల్లేదు. ఒకసారి గట్టిపడ్డ ముక్కలోకి మళ్ళీ రెజిన్ పంపడం కష్టం, బయటి దారులు మూసుకుపోయి ఉంటాయి, దాన్ని సన్నగా చీరి ఏ ఉంగరానికో వాడుకోండి. ముక్క చుట్టూ నురగలా గట్టిపడ్డ రెజిన్: వేడికి కొంత బయటికి కారడం మామూలే, మరీ ఎక్కువుంటే గాలి పూర్తిగా తియ్యలేదు. అంచుల్లో పగుళ్ళు: ఎండబెట్టినప్పుడే వచ్చి ఉంటాయి, పచ్చి చెక్కని తొందరగా ఓవెన్‌కి ఎక్కించారు.

స్టెబిలైజ్ చేశాం కదా అని నీళ్ళలో నానబెట్టే వస్తువులు చెయ్యకండి, రెజిన్ ఖాళీల్ని నింపుతది గానీ చెక్క నార కొంచెం తడి తాగుతూనే ఉంటది. పాలిష్ కావాల్సిందే. కొయ్యడం, సాండింగ్ చేసేటప్పుడు మామూలు గుడ్డ కాకుండా ఎన్95 మాస్క్ కట్టుకోండి, ప్లాస్టిక్, చెక్క కలిసిన దుమ్ము అది.

మిగిలిన రెజిన్‌ని పెయింట్ వడకట్టే జాలీలో పోసి సీసాలో పెట్టుకుంటే మళ్ళీ వాడుకోవచ్చు, రంగు కలిపింది విడిగా. రంగు లేనిది పసుపుగా మారినా పల్చగా ఉన్నంతవరకు పనిచేస్తది, తేనెలా చిక్కబడితే అయిపోయినట్టు. పారెయ్యాల్సినదాన్ని సింకులో పొయ్యొద్దు, ఫాయిల్ ట్రేలో అర సెం.మీ. కన్నా పల్చగా పోసి ఓటీజీలో గట్టిపరిచి చెత్తలో వెయ్యండి. సీసాకి సీసా ఒకేసారి ఓవెన్‌లో పెడితే గట్టిపడేటప్పుడు అదే వేడి పుట్టించుకుని పొగ కక్కుతది, ఆపడం మీ చేతిలో ఉండదు.